టైమ్ తర్వాత చూడండి, ముందు ఎవరి వెనక ఎవరున్నారో చూడండి

2024 అక్టోబరు 16 నుంచి 20 దాకా డెన్మార్క్‌లో కోపెన్‌హాగన్ పక్కనున్న బాలెరప్‌లో ప్రపంచ ట్రాక్ సైక్లింగ్ పోటీలు జరిగాయి. మగవాళ్లకు 11, ఆడవాళ్లకు 11, మొత్తం 22 టైటిళ్లు. ఆ ఫలితాలు వేసిన దగ్గర్నుంచి ప్రశ్నలు వస్తూనే ఉన్నాయి. చాలామంది అడిగింది ఒకటే అయితే ఒక్కసారే జవాబిచ్చాను, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్ర: సార్, స్ప్రింట్ అంటే ప్రాణం పెట్టి తొక్కాలి కదా. తీరా చూస్తే ఇద్దరు మనుషులు నడిచేవాళ్లకన్నా నెమ్మదిగా పోతూ ఒకరినొకరు తిరిగి చూసుకుంటున్నారు. ఒకచోట ఇద్దరూ సైకిల్ ఆపేసి నిలబడ్డారు కూడా. ఇదేం ప్రపంచ చాంపియన్‌షిప్?

జ: అదేనండీ అసలు చాంపియన్‌షిప్. స్ప్రింట్ అంటే 250 మీటర్ల ట్రాక్ మీద మూడు చుట్లు. టైమ్ లెక్కేసేది చివరి 200 మీటర్లకే, అది కూడా రికార్డు కోసం రాసుకోవడానికి తప్ప గెలుపుతో దానికి సంబంధం లేదు. గీత ముందు దాటినవాళ్లు గెలిచినట్టు, మొదటి రౌండ్లలో ఒక్క రేసే, క్వార్టర్ ఫైనల్స్ నుంచి మాత్రం మూడింట రెండు గెలిస్తే తర్వాతి రౌండుకి వెళ్లినట్టు.

ఇప్పుడు నెమ్మదిగా ఎందుకు పోతారో చూద్దాం. సైకిల్ మీద 60, 70 కిలోమీటర్ల వేగంతో పోయేవాడికి అసలు శత్రువు పక్కవాడు కాదు, ఎదురుగాలి. ముందున్నవాడు గాలిని చీల్చుకుంటూ పోతుంటే వాడి వెనక చక్రానికి అంటుకుని వచ్చేవాడు చాలా తక్కువ బలంతో అదే వేగం అందుకుంటాడు, మిగిలిన బలాన్ని చివరి మలుపు దాటాక బయటికి తీసి దాటేస్తాడు. మరి ముందుండడం ఎవరికి ఇష్టం? ఎవరికీ కాదు. అందుకే మొదట ఎవరు ముందు పోవాలో చీటీలు తీసి తేలుస్తారు, ఆ మనిషి మొదటి సగం చుట్టు దాకా ముందుండాలి. ఆ తర్వాత మొదలవుతుంది ముందున్నవాడు ఎలాగైనా వెనకవాణ్ని ముందుకి పంపాలని చేసే ప్రయత్నం, మీరు చూసిన ఆ నిలబడడం అందులో భాగమే. పెడల్, వెనక చక్రం ఎప్పుడూ కలిసే తిరిగే ఫిక్స్‌డ్ గేర్ కాబట్టి పెడల్ మీద కాస్త ముందుకీ వెనక్కీ ఒత్తుతూ సైకిల్‌ని ఉన్నచోటే నిలబెట్టవచ్చు. ఒకప్పుడు ఇలా నిమిషాల తరబడి నిలబడేవాళ్లు, ఇప్పుడు 30 సెకన్లు దాటనివ్వరు.

ఇంకోటి గమనించండి. మలుపుల దగ్గర ట్రాక్ 42 డిగ్రీల పైన వాలి ఉంటుంది, పైఅంచు కిందికన్నా నాలుగు మీటర్లు పైమాటే ఎత్తు. అందుకే ఇద్దరూ పైకి పైకి ఎక్కుతుంటారు. ఎవరు ముందు కిందికి దూకితే వాళ్లకి ఆ వాలే ఉచితంగా వేగం ఇస్తుంది. చివరికి లోపలి అంచు దగ్గరున్న ఎర్ర గీత కింద దారిలోకి ముందు దూరినవాడిని పక్కకి నెట్టి లోపలికి రాకూడదు, బయటి నుంచి చుట్టి రావలసిందే, అంటే ఎక్కువ దూరం. ఇదంతా తెలిశాక ఇంకోసారి చూడండి, ఆ నెమ్మది నడకలోనే మీకు టెన్షన్ వస్తుంది.

ప్ర: ఆ సైకిళ్లకి బ్రేకులు ఉండవని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా? ఇంత ప్రమాదమా?

జ: నిజమే. బ్రేకులూ లేవు, గేర్లు మార్చడమూ లేదు, కాలు ఆపి చక్రాన్ని తిరగనివ్వడమూ కుదరదు, చక్రం తిరిగినంతసేపు పెడల్ తిరుగుతూనే ఉంటుంది. బ్రేకు ఉంటేనే ప్రమాదం అండీ. ఇరవై మంది ఒకరి వెనక ఒకరు జానెడు దూరంలో పోతున్నప్పుడు ఒక్కడు బ్రేకు నొక్కితే వెనకున్నవాళ్లంతా కుప్ప. బ్రేకు ఎవరికీ లేకపోతే ఎవరూ హఠాత్తుగా ఆగలేరు. వేగం తగ్గించాలంటే పెడల్ మీద వెనక్కి ఒత్తాలి, లేదా వాలు మీదకి ఎక్కాలి. అయినా పడడాలు ఉంటాయి, చెక్క ట్రాక్ కాబట్టి ఒంట్లో పేడు దిగడం కూడా ఉంటుంది. దాని గురించి ఇంకా రాస్తే మీ అబ్బాయిని మీరు సైకిలే ఎక్కనివ్వరు.

ప్ర: అన్నా, బాలెరప్‌తో కలిపి లావ్రైసన్‌కి 16 ప్రపంచ టైటిళ్లు అని రాశారు. వయసు ఇంకా ముప్ఫై కూడా లేదు. లెక్క సరిగ్గా చూశారా?

జ: చూశాను, మీరూ చూడండి. నెదర్లాండ్స్‌కి చెందిన హ్యారీ లావ్రైసన్ 1997లో పుట్టాడు. మొదట బీఎంఎక్స్ సైకిల్ తొక్కేవాడు, భుజం మళ్లీ మళ్లీ దెబ్బతినడంతో ట్రాక్‌కి వచ్చాడు. స్ప్రింట్ 2019 నుంచి 2024 దాకా వరసగా ఆరుసార్లు. ముగ్గురు జట్టుగా గడియారం మీద తొక్కే టీమ్ స్ప్రింట్ ఆరుసార్లు, మధ్యలో 2022లో మాత్రం ఆస్ట్రేలియా ఎగరేసుకుపోయింది. మోటారు బండి వెనక మొదలయ్యే కైరిన్ రేసు 2020, 2021, 2022. అవి 15. బాలెరప్‌లో మొదటిసారి ఒక కిలోమీటర్ టైమ్ ట్రయల్ కూడా గెలిచాడు, అదీ కలిపితే పదహారు. దాంతో ఫ్రాన్స్ ఆటగాడు ఆర్నో టూర్నాన్ పేరు మీద ఉన్న 14 టైటిళ్ల రికార్డు పోయింది. దానికి రెండు నెలల ముందే ప్యారిస్ ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు తీసుకున్నాడు.

ఈ పదహారింటిలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఆ కిలోమీటర్ టైటిలే. ఎందుకంటే స్ప్రింట్‌లో ఎదుటివాణ్ని చదవాలి, ఏమార్చాలి, వాడి వెనక దాక్కోవాలి. కిలోమీటర్ రేసులో దాక్కోవడానికి ఎవరూ ఉండరు, నిలబడ్డచోటి నుంచి బయలుదేరి నాలుగు చుట్లు గడియారంతో కొట్లాడాలి, చివరి చుట్టులో కాళ్లు కాలిపోతుంటాయి. దాంట్లో దొర ఎవరంటే అతని జట్టు స్నేహితుడే, జెఫ్రీ హూగ్‌లాండ్. 2021, 2022, 2023 మూడేళ్లూ ఆ టైటిల్ అతనిదే. 55.433 సెకన్ల ప్రపంచ రికార్డు కూడా అతనే 2023లో మెక్సికోలో కొట్టాడు. టీమ్ స్ప్రింట్‌లో ఒకే జెర్సీ వేసుకుని కలిసి గెలిచే మనిషి నుంచి సొంత రేసు లాక్కోవడం అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ప్ర: కైరిన్‌లో ముందు ఒక మోటారు బండి పోతోంది. అది ఎందుకు? జపాన్ గెలిస్తే అంత సంబరం ఎందుకు?

జ: రేసు వేగాన్ని మెల్లగా పెంచడానికి. ఆరు చుట్ల రేసు. మొదటి మూడు చుట్లు ఆ బండి వెనకే పోవాలి, దాటకూడదు, అది మెల్లగా వేగం పెంచుకుంటూ గంటకు 50 కిలోమీటర్ల దగ్గర పక్కకి తప్పుకుంటుంది. ఆ క్షణానికి ఎవరు ఎన్నో స్థానంలో ఉన్నారన్నది సగం రేసు. స్ప్రింట్‌లో ఇద్దరి మధ్య జరిగే తెలివితేటలు ఇక్కడ ఆరేడుగురి మధ్య జరుగుతాయి, కాబట్టి బలవంతుడు కూడా ఇరుక్కుపోతాడు. లావ్రైసన్ బాలెరప్‌లో ఓడింది ఇందులోనే.

అక్కడ గెలిచింది కెంటో యమసాకి. సంబరం ఎందుకంటే కైరిన్ పుట్టిందే జపాన్‌లో, 1948లో కొకురా అనే ఊళ్లో, చట్టబద్ధంగా పందేలు కాసే ఆటగా. యుద్ధం తర్వాత ఊళ్లకు డబ్బు కావాలి, దానికోసం పెట్టారు. ఇప్పటికీ అక్కడ రెండు వేల మందికి పైగా అది వృత్తి. ఆ దేశానికే చెందిన కోయిచి నకానో 1977 నుంచి 1986 దాకా వరసగా పదేళ్లు ప్రొఫెషనల్ స్ప్రింట్ చాంపియన్. ఇంత చరిత్ర ఉండి కూడా మగవాళ్ల కైరిన్‌లో ప్రపంచ టైటిల్ 1987లో హరుమి హోండా తర్వాత మళ్లీ రావడానికి 37 ఏళ్లు పట్టింది. ఆడవాళ్ల కైరిన్ కూడా అదే పోటీల్లో జపాన్‌కే వచ్చింది, మినా సాటో గెలిచింది. సొంత ఆటలో ఇంటిల్లిపాదీ గెలిచినట్టు. ఇక సంబరం ఉండదా?

ప్ర: ఇండివిడ్యువల్ పర్‌స్యూట్‌లో ప్రపంచ రికార్డు ఒక్క రోజులో రెండుసార్లు మారిందని వేశారు. అచ్చుతప్పా?

జ: అచ్చుతప్పు కాదు. ఈ రేసులో ఇద్దరు ట్రాక్‌కి ఎదురెదురు వైపుల నుంచి బయలుదేరి గడియారం మీద తొక్కుతారు. క్వాలిఫైయింగ్‌లో బ్రిటన్ కుర్రాడు జోష్ చార్ల్‌టన్ నాలుగు కిలోమీటర్లని 3 నిమిషాల 59.304 సెకన్లలో తొక్కి రికార్డు కొట్టాడు. అదే రోజు ఫైనల్లో అతని ఎదురుగా నిలబడ్డ ఇటలీ మనిషి జోనథన్ మిలాన్ 3 నిమిషాల 59.153 సెకన్లలో ముగించి రికార్డూ టైటిలూ రెండూ తీసుకుపోయాడు. కొన్ని గంటలు మాత్రమే బతికిన ప్రపంచ రికార్డు చార్ల్‌టన్‌ది. పాపం అనిపించింది నాకైతే.

రెండు రికార్డులకీ తేడా 0.151 సెకన్లు. ఆ వేగానికి అది రెండున్నర మీటర్లు, పదహారు చుట్ల తర్వాత. నిలబడ్డచోటి నుంచి మొదలుపెట్టి కూడా మిలాన్ సగటు వేగం గంటకు 60 కిలోమీటర్లు దాటింది. ఈ దూరాన్ని నాలుగు నిమిషాల లోపు తొక్కిన మొదటి మనిషి అమెరికాకు చెందిన ఆష్టన్ లాంబీ, 2021లో, అదీ మెక్సికోలోని అగ్వాస్‌కాలియెంటెస్‌లో, సముద్ర మట్టానికి 1,800 మీటర్ల పైన. మరుసటి ఏడాది ఫిలిప్పో గన్నా ఫ్రాన్స్‌లో, మామూలు ఎత్తులో, దాన్నీ దాటాడు. ఇప్పుడు ఒకే రోజు ఇద్దరు.

మిలాన్‌ని రోడ్ రేసులు చూసేవాళ్లు గుర్తుపడతారు, జిరో డి ఇటాలియాలో పాయింట్ల జెర్సీ 2023, 2024 రెండేళ్లూ అతనిదే. నాకు కోపం వచ్చే విషయం ఇంకోటి ఉంది. ఈ రేసు ఒలింపిక్స్‌లో లేదు. 2008 తర్వాత తీసేశారు, కిలోమీటర్ రేసుని మగవాళ్లకి 2004 తర్వాతే తీసేశారు. ఒక మనిషి, ఒక గడియారం, ఇంతకన్నా సులువుగా అర్థమయ్యే పోటీ ఇంకేముంది? కొత్తగా చూసేవాళ్లకి నాలుగు రేసుల పాయింట్లు కలిపే ఓమ్నియం లెక్క చెప్పడం కన్నా ఇది వందరెట్లు నయం. అలాంటిదాన్ని తీసి ప్రపంచ పోటీలకే వదిలేశారు.

ప్ర: 200 మీటర్ల రికార్డు 9 సెకన్ల లోపుకి వచ్చిందని చదివాను. మరి ఆ మనిషే అన్ని స్ప్రింట్లూ గెలవాలి కదా?

జ: అక్కడే అందరూ బోల్తా పడేది. మాథ్యూ రిచర్డ్‌సన్ 2025 ఆగస్టులో టర్కీలోని కోన్యాలో 8.941, మరునాడు 8.857 సెకన్లు కొట్టాడు. సగటున గంటకు 81 కిలోమీటర్ల పైమాట. అంతకుముందు రికార్డు లావ్రైసన్‌ది, ప్యారిస్ ఒలింపిక్స్‌లో 9.088. కోన్యా సముద్రానికి వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ గాలి పలచన. హాలు వేడిగా ఉంచితే ఇంకా పలచన, అందుకే వెలోడ్రోమ్‌లో ప్రేక్షకులకి చెమటలు పట్టినా తలుపులు తెరవరు.

కానీ ఆ 200 మీటర్లు ఒక్కడే తొక్కేది. స్ప్రింట్‌లో దాంతో తేలేది ఎవరు అర్హత సాధించారు, మొదటి రౌండులో ఎవరి మీద ఎవరు ఆడాలి అన్నది మాత్రమే. ప్యారిస్‌లో అప్పటికి ఆస్ట్రేలియా తరఫున ఆడుతున్న ఇదే రిచర్డ్‌సన్ స్ప్రింట్‌లోనూ కైరిన్‌లోనూ లావ్రైసన్ వెనకే రజతం తీసుకున్నాడు. తర్వాత దేశం మార్చి బ్రిటన్‌కి వెళ్లాడు. ఆస్ట్రేలియాలో దాని మీద జరిగిన గొడవ వేరే ఉత్తరానికి సరిపోతుంది.

ప్ర: టీమ్ పర్‌స్యూట్‌లో నలుగురు మొదలుపెట్టి ముగ్గురే వస్తున్నారు. నాలుగో మనిషి ఏమయ్యాడు?

జ: అలిసిపోయి తప్పుకున్నాడు, తప్పు కాదు. టైమ్ లెక్కేసేది గీత దాటిన మూడో మనిషికి. అందుకని నాలుగోవాడు తనలో ఉన్నదంతా ముందున్నప్పుడే ఊడ్చి, మిగతా ముగ్గురినీ గాలి నుంచి కాపాడి, వాలు మీదకి వెళ్లి ఆగిపోతాడు. పతకం నలుగురికీ వస్తుంది. బాలెరప్‌లో సొంత జనం అరుస్తుంటే డెన్మార్క్ బ్రిటన్‌ని ఓడించి ఇది గెలిచింది.

ఆ రెండు జట్ల మధ్య పాత కథ ఒకటి ఉంది. టోక్యో ఒలింపిక్స్ సైక్లింగ్ 2021 ఆగస్టులో ఇజులో జరిగింది. బ్రిటన్ జట్టులో చార్లీ టాన్‌ఫీల్డ్ వెనకబడి ఒంటరిగా మిగిలాడు. డెన్మార్క్ జట్టు ముందున్న ఫ్రెడరిక్ మాడ్సన్ తల వంచుకుని తొక్కుతూ, ముందు మనిషి ఉన్నాడని చూసుకోకుండా పోయి వెనక నుంచి గుద్దేశాడు, ఇద్దరూ పడ్డారు. లేచి మాడ్సన్ టాన్‌ఫీల్డ్ మీదే అరిచాడు! ఈ రేసులో ఎదుటి జట్టుని అందుకుంటే గెలిచినట్టే కాబట్టి చివరికి డెన్మార్క్‌నే ఫైనల్‌కి పంపారు. అక్కడ ఇటలీ ప్రపంచ రికార్డుతో స్వర్ణం పట్టుకుపోయింది. ఆ ఇటలీ నలుగురిలో మిలాన్, గన్నా ఇద్దరూ ఉన్నారు.

ప్ర: మేడం గారో సారో తెలీదు కానీ, ఆడవాళ్ల ఫలితాలు ఎప్పుడూ చివర్లో రెండు లైన్లు రాస్తారేం?

జ: సార్‌నేనండీ, మీరన్నది న్యాయమే. బ్రిటన్ అమ్మాయి ఎమ్మా ఫినుకేన్, వేల్స్ నుంచి వచ్చింది. 2023లో గ్లాస్గోలో స్ప్రింట్ గెలిచింది, 2013లో బెకీ జేమ్స్ తర్వాత ఆ టైటిల్ గెలిచిన బ్రిటన్ మహిళ ఆమే. ప్యారిస్‌లో 21 ఏళ్లకే మూడు పతకాలు, టీమ్ స్ప్రింట్‌లో స్వర్ణం, మిగతా రెండింటిలో కాంస్యం. 1964 తర్వాత ఒకే ఒలింపిక్స్‌లో మూడు పతకాలు తెచ్చిన బ్రిటన్ మహిళ లేదు. అయితే ఆమెకి కావలసింది స్ప్రింట్ స్వర్ణం, అది న్యూజిలాండ్ అమ్మాయి ఎలెస్ ఆండ్రూస్ తీసుకుంది. బాలెరప్‌లో ఫినుకేన్ తన ప్రపంచ టైటిల్ మాత్రం వదల్లేదు. బ్రిటన్‌కే చెందిన ఆనా మోరిస్ ఇండివిడ్యువల్ పర్‌స్యూట్ గెలిచింది.

బాలెరప్‌లో ఆడవాళ్ల పర్‌స్యూట్ 3 కిలోమీటర్లు, టైమ్ ట్రయల్ 500 మీటర్లు. 2025 నుంచి రెండూ మగవాళ్లతో సమానం చేశారు, 4 కిలోమీటర్లు, ఒక కిలోమీటర్. పాత రికార్డుల పక్కన కొత్త టైమ్‌లు పెట్టి పోల్చేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ప్ర: మాడిసన్‌లో చేతులు పట్టుకుని విసురుకుంటున్నారు. ఫౌల్ కాదా?

జ: కాదు, అదే రూలు. ఇద్దరి జట్టు, ఒకరు రేసులో ఉంటే ఇంకొకరు పైన నెమ్మదిగా తిరుగుతూ ఊపిరి తీసుకుంటారు, వంతు వచ్చినప్పుడు చెయ్యి పట్టుకుని ముందుకి విసిరితే తన వేగం స్నేహితుడికి చేరుతుంది. మగవాళ్లకి ఇలా 50 కిలోమీటర్లు. న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆరు రోజుల సైకిల్ రేసులు జరిగిన కాలం నుంచి వస్తున్న ఆట, పేరు కూడా అక్కడిదే. బాలెరప్‌లో జర్మనీ జంట గెలిచింది, రోజర్ క్లూగెకి 38 ఏళ్లు, టిమ్ టోర్న్ టోయిటన్‌బెర్గ్‌కి 22. టీవీలో చూస్తే తలా తోకా అర్థం కాదు, నిజం చెప్తున్నా. ఎవరు రేసులో ఉన్నారు ఎవరు విశ్రాంతిలో ఉన్నారు అన్నది అలవాటైతే గానీ పట్టుబడదు.

ప్ర: ఇందులో భారత్ పేరు ఎక్కడైనా ఉందా?

జ: పెద్దల ప్రపంచ పోటీల్లో పతకం ఇంకా లేదు. జూనియర్లలో ఉంది, అదీ స్వర్ణం. 2018లో స్విట్జర్లాండ్‌లోని ఏగల్‌లో అండమాన్ కుర్రాడు ఈసో ఆల్బెన్ జూనియర్ కైరిన్‌లో రజతం తెచ్చాడు. మరుసటి ఏడాది జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆన్ డెర్ ఓడర్‌లో ఆల్బెన్, మణిపూర్‌కి చెందిన రొనాల్డో సింగ్, రోజిత్ సింగ్ ఉన్న జట్టు జూనియర్ టీమ్ స్ప్రింట్‌లో ప్రపంచ చాంపియన్ అయింది. 2022 కామన్వెల్త్ క్రీడల టీమ్ స్ప్రింట్ జట్టులో రొనాల్డోతో పాటు డేవిడ్ బెక్‌హామ్ అనే కుర్రాడు కూడా ఉన్నాడు, జోక్ కాదు, అసలు పేర్లే.

అదే రొనాల్డో 2022 జూన్‌లో ఢిల్లీలో జరిగిన ఆసియా ట్రాక్ చాంపియన్‌షిప్ స్ప్రింట్ ఫైనల్‌కి వెళ్లి రజతం తీసుకున్నాడు. ఫైనల్లో ఎవరి చేతిలో ఓడాడో తెలుసా? పైన చెప్పిన కెంటో యమసాకి. ఆ యమసాకి రెండేళ్ల తర్వాత లావ్రైసన్‌ని వెనక్కి నెట్టి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఇది చెప్పి గర్వపడమనడం లేదు, తేడా ఎంత ఉందో కొలుచుకోవడానికి ఒక గీత దొరికింది అంటున్నాను.

ప్ర: చాంపియన్లకి రంగుల గీతల జెర్సీ ఇస్తారు కదా, అది ఎప్పుడైనా వేసుకోవచ్చా?

జ: గెలిచిన రేసులో మాత్రమే, మళ్లీ ప్రపంచ పోటీలు వచ్చేదాకా. స్ప్రింట్ చాంపియన్ కైరిన్‌కి దిగితే మామూలు జెర్సీయే.

ప్ర: ఒక్క రేసు చూసే టైమే ఉంటే ఏది చూడమంటారు?

జ: ఎలిమినేషన్. ఆలోచించకుండా చెప్తున్నా. ఇరవైమందికి పైగా మొదలుపెడతారు, ప్రతి రెండు చుట్లకి ఒకసారి గీత దగ్గర చివరున్న మనిషి బయటికి. అంతే రూలు, ఐదేళ్ల పిల్లకి కూడా అర్థమవుతుంది. బాలెరప్‌లో ఆడవాళ్లలో న్యూజిలాండ్‌కి చెందిన ఆలీ వొలాస్టన్ దీన్నీ గెలిచింది, ఓమ్నియంనీ గెలిచింది. వెనకుండి బలం దాచుకోవడం మిగతా రేసుల్లో తెలివి, ఇక్కడ మరీ వెనకుంటే పోతారు, మరీ ముందుంటే గాలికి అలిసిపోతారు, మధ్యలో ఉంటే లోపలి అంచున ఇరుక్కుని కదల్లేరు. చూసేటప్పుడు ముందు ఎవరున్నారో పట్టించుకోకండి, కళ్లు చివరి ముగ్గురి మీదే పెట్టండి, అదీ వాళ్ల వెనక చక్రాల మీద. మిగతా రేసుల్లో ముందు చక్రం గీత దాటితే లెక్క, ఇందులో మాత్రం చివరగా దాటిన వెనక చక్రం ఎవరిదో వాళ్లు అవుట్.